మనవి చీటీ

సాల్మియాలో నాలుగో అంతస్తు.
ఆమె మంచం, కింద నా పరుపు.
మధ్యలో ఒకే నీళ్ళ సీసా, ఇద్దరికీ.

మామా లుల్వాకి ఎడమ పక్క పడిపోయి ఐదేళ్ళు.
ఐదేళ్ళూ ఈ చేతులే
వీపు కడిగాయి, మడతల్లో పౌడరు అద్దాయి,
పళ్ళసెట్టు తీసి రాత్రి గిన్నెలో వేశాయి.
నమాజు వేళకి మంచాన్ని నైరుతికి తిప్పేదాన్ని,
చక్రాలు కిర్రుమనకుండా కొబ్బరినూనె రాసి.

లుల్వా అంటే ముత్యమట.
వాళ్ళ తాత ముక్కుకి చీల బిగించుకుని
సముద్రం అడుక్కి దిగేవాడట.
మా అమ్మమ్మ పేరూ ముత్యాలే అన్నాను.
నవ్వింది, సగం మూతితో.

నేను పాస్‌పోర్టులో సత్యవేణి, హిందూ.
బాప్తిస్మంలో తబిత.
పైనున్న పుస్తకంలో ఏ పేరుతో ఉన్నానో
వెళ్ళాక వెతుక్కోవాలి.

శుక్రవారం సిటీలో ఆరాధన.
ఒకే హాలు, గంటకో భాష.
మలయాళం వాళ్ళు లేచేసరికి మేం కూర్చుంటాం,
కుర్చీలింకా వెచ్చగానే ఉంటాయి.
జెకర్యా పాస్టరు గారు బల్ల గుద్ది చెబుతారు:
దారి ఒక్కటే, తలుపొక్కటే.
ఆమేన్ అంటాను. ఊరికే కాదు, నమ్మే అంటాను.
ఏజెంటు గదిలో పదకొండు రాత్రులు
ఆ పేరు పట్టుకునే కదా ప్రాణం నిలుపుకున్నాను.
అది అబద్ధమని నా నోటితో ఎవరూ అనిపించలేరు.

కానీ తిరుగు బస్సులో ఎప్పుడూ ఒక లెక్క తప్పుతుంది.
మా ఇంట్లోకి వాక్యం రావడానికి రెండేళ్ళ ముందే
అమ్మమ్మ పోయింది.
చుట్ట కాల్చేది, బూతులు తిట్టేది,
రాజోలు చుట్టుపక్కల నూట చిల్లర కాన్పులు చేసింది,
ఏ బొడ్డు కోసినా డబ్బు పుచ్చుకోలేదు.
రెండేళ్ళు. అంతే తేడా.

ఒక రాత్రి నీళ్ళకి పిలిచిందనుకుని లేచాను.
కాదు. కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది.
"సాతియా, ఆ ఒక్క మాట అనవే.
నాలిక మీద బరువేం ఉండదు.
నువ్వు బయట ఉండిపోతే
నేను లోపల ఎలా కూర్చోను?"
నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.
అరగంట ముందు, దుప్పటి ముసుగులో,
నేనూ ఆమె కోసం అచ్చం అదే ఏడుపు ఏడ్చాను.
పైనుంచి ఆమె, కిందనుంచి నేను,
ఎవరి గట్టుకి వాళ్ళం
ఒకరినొకరం లాక్కుంటున్నాం.
ఆ మాట నేను అనలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.
నీళ్ళు తాగి ఇద్దరం పడుకున్నాం.

ఆగస్టులో, తెల్లారగట్ల పోయింది.
శ్మశానంలో కడిగే గది దాకా నన్నూ కార్లో తీసుకెళ్ళారు.
"నువ్విక్కడ ఉండమ్మా," అంది పెద్దకూతురు,
కోపంగా కాదు, చాలా మెల్లగా,
"లోపలికి మా వాళ్ళే వెళ్ళాలి."
ఐదేళ్ళు కడిగిన చేతులు
ఆఖరి స్నానానికి పనికిరాలేదు.
తలుపుకి ఇవతల నీళ్ళ చప్పుడు విన్నాను.
ఎడమ చంక కింద మానని పుండొకటుంది,
అక్కడ గట్టిగా రుద్దొద్దని చెప్పాలి.
ఎవరితో చెప్పను?

ఆ శుక్రవారం కూడా తలుపు గురించే.
మూసేశాక బయటివాళ్ళు తడతారు, తియ్యరు, అన్నారు.
ఆమేన్ రాలేదు నాకు.
ఆరాధన అయ్యాక అడిగాను.
మంచివాడే. చాలాసేపు చెప్పుల వైపు చూశాడు.
"తీర్పు నా చేతిలో లేదమ్మా,
చెప్పడం వరకే నా పని," అన్నాడు.
గొంతు ఆయనదీ సరిగ్గా లేదు.

మనవి చీటీలు పంచారు. రెండు గీతలు:
పేరు. అవసరం.
మా సంఘంలో పోయినవాళ్ళకి ప్రార్థన ఉండదు.
మొదటి గీత మీద
ముత్యాలు
అని రాశాను. చూసేవాళ్ళకి ఒక మనిషి పేరే.
రెండో గీత మీద పెన్ను ఆనించి ఉంచాను.
సిరా చుక్క శనగగింజంత అయ్యాక
దాని పక్కనే రాశాను:
ప్రయాణంలో ఉన్నారు.